కడిగిన కణుపులు

ఆ ల్యాబులో పగలే రాత్రి. మొక్కల గదిలో ట్యూబులైట్లు సాయంత్రం నాలుగింటికి వెలిగి, పొద్దున్న ఎనిమిదింటికి ఆరిపోతాయి. రాత్రిపూట కరెంటు నిలకడగా ఉంటుందని అలా ఏర్పాటు చేశారు. బయట ఎండ దంచేస్తుంటే, లోపల సీసాల్లో బుల్లి బుల్లి మొక్కలు చిమ్మచీకట్లో నిద్రపోతూ ఉంటాయి. వాటి నిద్ర పాడుచేయకూడదు కాబట్టి, పగలు ఎవరైనా ఆ గదిలోకి వెళ్ళాలంటే ఆకుపచ్చ బల్బున్న టార్చి ఒక్కటే తీసుకెళ్ళాలి. ఆ రంగు వెలుగు మొక్కలకి పెద్దగా పట్టదట.

నిమిషాలమ్మకి ఈ తలకిందుల వ్యవహారం తొమ్మిదేళ్ళుగా అలవాటే. ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పండ్ల చెట్ల నుంచి కోసుకొచ్చిన కొమ్మల్ని శుద్ధి చేసి, సీసాల్లో నాటడం ఆమె పని. కొమ్మ మీద కంటికి కనపడని బూజులూ క్రిములూ లక్షల్లో ఉంటాయి. వాటిని చంపాలి, కొమ్మని చంపకూడదు. స్పిరిట్‌లో అర నిమిషం, బ్లీచింగ్ నీళ్ళలో ఎనిమిది నిమిషాలు, ఆ తర్వాత కాచి చల్లార్చిన నీళ్ళతో మూడు కడుగులు. ఒక్క నిమిషం తగ్గితే మూడో రోజుకి సీసా నిండా బూజు. ఒక్క నిమిషం ఎక్కువైతే కణుపు తెల్లగా పాలిపోయి చచ్చిపోతుంది. గోడ గడియారం ఆగినా ఆమె నోట్లో లెక్క ఆగదు. అందుకే ఆ పేరు.

"మీ ఆయనకి కాఫీ కలిపేటప్పుడు కూడా ఇలాగే లెక్కపెడతావా తల్లీ?" అని ఆటపట్టించేవాడు వంటాయన.

వంటాయన అంటే మనుషులకి వండేవాడు కాడు, మొక్కలకి వండేవాడు. చక్కెరా, లవణాలూ, జిగురు పొడీ కలిపి కాచి, సీసాల్లో పోసి, నడుమెత్తు ప్రెషర్ కుక్కర్లో ఉడకబెట్టే పని ఆయనది. అరవై దాటిన మనిషి. నిమిషాలమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది. చుట్టరికం ఏమీ లేదు, తొమ్మిదేళ్ళు మధ్యాహ్నం భోజనం పంచుకు తిన్న చనువు. వీళ్ళిద్దరి పైనా మేడమ్. అంతే, ముగ్గురే ఆ ల్యాబుకి.

జామాయన వచ్చింది ఒక మంగళవారం పొద్దున్న.

ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి మాట. గడియారాలు బాగుచేసే మనిషినని చెప్పుకున్నాడు. తడిగుడ్డలో చుట్టిన జామకొమ్మల కట్టని, నిద్రపోతున్న పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. జేబులోంచి ఒక పండు తీసి, చిన్న కత్తితో కోసి ముగ్గురికీ తలో ముక్క పెట్టాడు. లోపల గులాబి రంగు. ఒక్క గింజ లేదు. నాలిక మీద పెట్టుకుంటే వెన్నలా కరిగిపోయింది.

"మా పెరట్లో చెట్టమ్మా. ముసలిదైపోయింది, ఎండు తెగులు పట్టింది. అది పోయేలోపు దాని పిల్లలు కావాలి నాకు."

మేడమ్ ముఖం వెలిగిపోయింది. గింజలేని జామ అంటే మాటలు కాదు మరి.

"ఒక్క సంగతి," అన్నాడు ఆయన, నిమిషాలమ్మ వైపు తిరిగి. "బాగా కడగండి. లోపల ఏదీ మిగలకూడదు."

"అదే కదండీ మా పని."

"పైపైన కాదమ్మా. లోపల. మా ఆవిడది పెద్ద నోరు. ముప్పై ఏళ్ళు ఆ చెట్టు కిందే కూర్చుని మాట్లాడింది. చెట్టుకి పట్టకుండా ఉంటుందా?"

వంటాయన పగలబడి నవ్వాడు. "మా ఇంట్లో చెట్టు లేదండీ, మొత్తం నా చెవులకే పట్టింది!"

అందరూ నవ్వారు. జామాయన కూడా నవ్వాడు. ఆయన నవ్వు అందరికంటే కాస్త ఆలస్యంగా మొదలై, అందరికంటే ముందే ఆగిపోయింది.

ఆయన వెళ్ళాక నిమిషాలమ్మ ఆకులు దూసేసి, కణుపుకొకటి చొప్పున నలభై ముక్కలు కోసింది. సబ్బునీళ్ళలో ఆడించి గంటసేపు కుళాయి ధార కింద వదిలింది. భోజనాలయ్యాక తలకి టోపీ పెట్టుకుని, మూతికి గుడ్డ కట్టుకుని హుడ్ ముందు కూర్చుంది. హుడ్ అంటే ఒక పెద్ద అద్దాల పెట్టె. దుమ్ము లోపలికి రాకుండా వడకట్టిన గాలి ఎప్పుడూ ముఖం మీదికి వీస్తూ ఉంటుంది. ఆ హోరులో పక్కన గిన్నె పడ్డా వినపడదు.

స్పిరిట్, అర నిమిషం. తర్వాత బ్లీచింగ్ నీళ్ళు. గాజు బీకరుని చేత్తో మెల్లగా తిప్పుతూ లెక్క మొదలుపెట్టింది.

ఐదో నిమిషంలో వాసన మారింది. ఆ పెట్టెలో ఉండాల్సిన వాసనలు రెండే, స్పిరిటూ బ్లీచింగూ. అలాంటిది బాగా మాగిన జామపండు వాసన గుప్పుమంది. అప్పుడే ఎవరో పండుని చీల్చి ముక్కు కింద పెట్టినట్టు. పుల్లల్లాంటి కణుపులకి పండ్ల వాసన ఎక్కడిది? పొద్దున్న తిన్న ముక్క చేతికి అంటుకుని ఉంటుందిలే అనుకుంది. అనుకుంది గానీ, ఆ చేతుల్ని అప్పటికే మూడుసార్లు సబ్బుతో రుద్దిన సంగతి ఆమెకి తెలుసు.

ఏడో నిమిషంలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఏడుపు ఆపుకునే మనిషి ఎగబీల్చినట్టు, చిన్నగా. ఆ హోరులో వినపడకూడనంత చిన్నగా.

వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

ఎనిమిది. నీళ్ళు వంచేసింది. మూడు కడుగులు కడిగింది. తెల్లబడ్డ అంచుల్ని బ్లేడుతో తీసేసి, ఒక్కో కణుపుని ఒక్కో సీసాలో గుచ్చి మూత బిగించింది. నలభై సీసాలూ మొక్కల గదిలో వెనక అరలో సర్ది, ఆ సంగతి మర్చిపోయింది.

మూడో రోజు, శుక్రవారం, బూజు పట్టిందేమో చూడ్డానికి వెళ్ళింది. పొద్దున్న పదకొండు గంటలు. బయట రోడ్డు మీద హారన్లూ, ఎండా. లోపల తలుపు వేసుకోగానే...

ఆ చీకటి మామూలు రాత్రి చీకటి కాదు. రాత్రికైతే ఎక్కడో ఒక వీధి దీపమో, తలుపు సందులోంచి ఒక గీత వెలుగో ఉంటుంది. ఈ గదికి కిటికీ లేదు. తలుపు వెనక ఇంకో తలుపు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ఏసీ ఆగకుండా గొణుగుతోంది. చల్లటి గాలిలో ఉడికిన చక్కెర వాసన. టార్చి వేసింది. ఆకుపచ్చ వెలుగులో అరల నిండా సీసాలు, చెరువు అడుగున ఉన్నట్టు. అరటి, నిమ్మ, దానిమ్మ... అన్నీ తేటగా ఉన్నాయి.

వెనక అరలో జామ సీసాలు మాత్రం మసకగా ఉన్నాయి.

బూజేమో అనుకుని దగ్గరికెళ్ళింది. బూజు కాదు. ఆవిరి. సీసాలకి లోపలివైపు ఆవిరి పట్టింది. చూస్తుండగానే అది చెదిరిపోయి గాజు తేటపడింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ తేటపడింది. అద్దానికి మూతి ఆనించి ఊపిరి వదిలితే ఎలా ఉంటుందో... అలా. నలభై సీసాలూ. ఒకేసారి.

ఏసీ ఒక్క క్షణం ఆగింది. ఆ నిశ్శబ్దంలో, మోకాళ్ళ ఎత్తున, అర లోపలి నుంచి గుసగుసగా...

"ఆయన వచ్చాడా?"

ఆడగొంతు. చిన్న వయసు గొంతు కాదు. భయపెట్టే గొంతు కూడా కాదు. భయపడుతున్న గొంతు.

ఎలా బయటికొచ్చిందో ఆమెకే తెలీదు. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, రెండు తలుపులూ దాటి, వెలుగులో పడి గోడకి చేరబడింది.

"ఏమైంది తల్లీ, అలా పాలిపోయావేం?" అని వంటాయన గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

"బాబాయ్... లోపల..."

మాట పూర్తవకముందే ముందు గదిలోంచి మేడమ్ గొంతు వినపడింది. "రండి రండి! చెప్పాపెట్టకుండా వచ్చారే!"

జామాయన. అప్పుడే గుమ్మం దాటి లోపలికొస్తున్నాడు.

ఆయన సీసాలు చూస్తానన్నాడు. మేడమ్ సరేనంది. నిమిషాలమ్మ టార్చి పట్టుకోక తప్పలేదు. వంటాయన కూడా వెనకే వచ్చాడు, ఆమె బతిమాలినట్టు చూస్తే. లోపల ఇప్పుడు సీసాలన్నీ తేటగా, బుద్ధిగా ఉన్నాయి. ఆవిరి జాడ లేదు. "ఏసీ చప్పుడుకి అలాగే అనిపిస్తుందిలే," అని వంటాయన ఆమె చెవిలో అన్నాడు.

జామాయన అర ముందు గొంతుక్కూర్చుని ఒక సీసా తీసి చెవికి ఆనించుకున్నాడు. గడియారం ఆడుతోందో లేదో వినేవాళ్ళు పెట్టుకున్నట్టు. కళ్ళు మూసుకుని విన్నాడు. పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు. అలా నలభై సీసాలూ, ఒక్కొక్కటే, తొందర లేకుండా. కొన్ని కుడివైపు పెట్టాడు, కొన్ని ఎడమవైపు. ఆకుపచ్చ వెలుగులో ఆయన చెంప మీద ఒక్క కండరం కూడా కదల్లేదు.

చివరికి ఎడమవైపు తొమ్మిది తేలాయి.

"ఇవి ఇంకా ఏదో అంటున్నాయి," అన్నాడు. "మళ్ళీ కడగండి."

బయటికొచ్చాక, ఆయన వెళ్ళాక, నిమిషాలమ్మ మేడమ్‌తో అంతా చెప్పింది. ఆవిరి సంగతీ, గొంతు సంగతీ. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నువ్వు ఈ నెల్లో ఒక్క సెలవూ తీసుకోలేదు. దాని ఫలితమే ఇది. ఆయనకా, కాస్త పిచ్చి. ఆయన చెట్టు, ఆయన ముచ్చట. మళ్ళీ కడిగితే మనకి పోయేదేముంది? నీ చేతిలో ఇంతవరకు ఒక్క సీసా చెడలేదు. ఇప్పుడు చెడుతుందా?"

నిమిషాలమ్మకి నిజంగానే తన చేతుల మీద గర్వం. తొమ్మిదేళ్ళ గర్వం.

తొమ్మిది కణుపుల్నీ సోమవారం మళ్ళీ కడిగింది. ఈసారి వంటాయన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆయనకేమీ వినపడలేదు. ఆమెకి వినపడింది. బీకరులోంచి ఒకే గొంతు తొమ్మిది నోళ్ళతో గొణుగుతున్నట్టు. మాటలు విడిగా తెలియడం లేదు, ఊరికే రొద. మూడో నిమిషం నుంచి ఒక్కో నోరే ఆగిపోవడం మొదలైంది. ఒక గదిలో మనుషులు ఒకరి తర్వాత ఒకరు నిద్రలోకి జారుకున్నట్టు. ఎనిమిదో నిమిషానికి ఒక్కటే మిగిలింది. అది అలా సన్నగా, దగ్గరగా, ఆగకుండా...

ఆమె నీళ్ళు వంచేసి, కణుపుల్ని సీసాల్లోకి మార్చేసి, బయటికెళ్ళి వాంతి చేసుకుంది.

మళ్ళీ శుక్రవారం. మళ్ళీ పదకొండు. జామాయన వచ్చాడు. విన్నాడు. ఎనిమిది సీసాలు పక్కన పెట్టి, తొమ్మిదోది చెవి దగ్గరే ఉంచుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత దాన్ని అరలో భద్రంగా పెట్టి, బయటికొచ్చి మేడమ్‌తో అన్నాడు.

"ఇదొక్కటే. ఇది మాత్రం నేనుండగా కడగాలి."

"ఈ ఒక్కదాన్నీ వదిలేద్దాం మేడమ్," అంది నిమిషాలమ్మ. "ముప్పై తొమ్మిది ఉన్నాయి కదా. మూడోసారి కడిగితే కణుపు బతకదు."

"బతక్కపోయినా పరవాలేదమ్మా," అన్నాడు జామాయన మెత్తగా. "శుభ్రంగా ఉంటే చాలు."

సీసా తేవడానికి ఆమె ఒక్కతే లోపలికెళ్ళింది. టార్చి వేసింది. అరలో ఆ ఒక్క సీసా ఆవిరితో నిండిపోయి ఉంది. దాని మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన పిల్ల నుదురులా.

"అమ్మాయ్..."

నిమిషాలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నిన్నే... మూత తీయకు. కాసేపు. ఆయన వెళ్ళిపోతాడు... మూత తీయకు తల్లీ..."

"ఎవరు నువ్వు?" అని అడగాలనుకుంది. అడిగితే జవాబు వస్తుంది. వస్తే ఏం చెయ్యాలి? సీసాని అరటి మొక్కల వెనక దాచేస్తే... ఇంకో సీసా తీసుకెళ్ళి ఇదే అని చూపిస్తే... ఆయన చెవి పెట్టి వింటే...

వెనక తలుపు కిర్రుమంది.

"దొరికిందా అమ్మా?"

చీకట్లో ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టార్చి లేదు. దీపం లేదు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలీదు.

"దొ... దొరికిందండీ."

హుడ్ గదికి పక్క గోడలో పెద్ద అద్దం ఉంది, చూడ్డానికి వచ్చినవాళ్ళ కోసం. జామాయన ఆ అద్దానికి అటువైపు నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని. నిమిషాలమ్మ కూర్చుంది. భయం ముదిరినప్పుడు మనిషి తనకి అలవాటైన పనే చేస్తుంది. చేతులు వాటంతట అవే కదిలాయి. మూత తీశాయి. కణుపుని పట్టకారుతో పైకెత్తాయి. దాని పక్కన అప్పుడే ఒక చిగురు, చీమ తలంత, ఆకుపచ్చగా తొంగిచూస్తోంది.

స్పిరిట్. అర నిమిషం.

బ్లీచింగ్ నీళ్ళు.

ఒకటి... ఏమీ లేదు. గాలి హోరు.

రెండు... జామపండు వాసన.

మూడు... "అమ్మా..."

ఆమె బీకరు తిప్పుతూనే ఉంది.

నాలుగు... "మంట... అమ్మా, మంట..."

ఆ గొంతు ఇప్పుడు గుసగుస కాదు. ఇంట్లో, పక్క గదిలో కాలు జారి పడ్డ పెద్దావిడ పిలిచినట్టు. ఎవరైనా వస్తారనే ఆశ ఇంకా చావని పిలుపు. "మంటగా ఉంది... తీసెయ్... కడుపుతో ఉన్నప్పుడు కూడా ఇంత... తీసెయ్ తల్లీ, నీకు పుణ్యం ఉంటుంది..."

ఐదు. నిమిషాలమ్మ చెయ్యి ఆగింది. పట్టకారు అందుకుంది. తీసేద్దాం. ఏమైతే అయింది, తీసేద్దాం...

టక్. టక్.

ఆ హోరులోనూ వినపడేంత గట్టిగా అద్దం మీద వేలితో కొట్టాడు జామాయన. చొక్కా చేతిని పైకి లాగి, మణికట్టు మీది గడియారం ఆమెకి చూపించాడు. మూడు వేళ్ళు ఎత్తాడు. ఇంకా మూడు నిమిషాలు.

ఆమె పట్టకారు కింద పెట్టింది.

ఆరు... "నువ్వు లెక్కపెడుతున్నావు కదూ... వినపడుతోంది నాకు..."

ఏడు... మాట లేదు. గొంతు మాత్రం ఉంది. సన్నటి తీగలా.

ఎనిమిది.

గాలి హోరు. అంతే.

మూడు కడుగులు కడిగింది. చేతులు వణకలేదు. దానికే ఆమెకి అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. కణుపు కాగితంలా తెల్లగా ఉంది, ఆ చీమ తలంత చిగురుతో సహా. అద్దానికి అవతల జామాయన చెవి ఒగ్గి కాసేపు నిలబడి, తృప్తిగా తలాడించి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం ఇంట్లో కూతురికి తలంటుతోంది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఒక్క చోట కుదురుగా ఉండదు. షాంపూ నురగ కంట్లోకి జారింది.

"అమ్మా, మంట!"

నిమిషాలమ్మ చేతిలో చెంబు జారి స్నానాల గది మొత్తం ఖంగుమని మోగింది. భర్త కంగారుగా తలుపు తోసుకొచ్చి చూస్తే, తల్లి గోడకి అంటుకుపోయి ఉంది, పిల్ల నురగ ముఖంతో బిత్తరపోయి చూస్తోంది. ఆయనే నీళ్ళు పోసి పిల్లని బయటికి తీసుకెళ్ళాడు. "ఏమైంది నీకు?" అంటే ఆమె చెప్పలేకపోయింది. చెప్తే నవ్వుతాడని కాదు. నవ్వకపోతే ఎలా అని.

ల్యాబులో మాత్రం అంతా సవ్యంగా సాగింది. ముప్పై తొమ్మిది కణుపులూ చిగుళ్ళు వేశాయి. వేళ్ళు వేశాయి. సీసాల్లోంచి చిన్న కుండీల్లోకి మారాయి. మచ్చ లేని మొక్కలు, నిశ్శబ్దంగా పెరిగాయి. మేడమ్ వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేది. నాలుగు నెలలు గడిచాక వాటిని జామాయన ఇంటికి దింపి రావడానికి ముగ్గురూ వ్యాన్లో బయల్దేరారు. నిమిషాలమ్మ రానంది. "నీ చేతి మొక్కలు, నువ్వు రాకపోతే ఎలా?" అంది మేడమ్. వంటాయన, "నేనుంటాగా తల్లీ, పద," అన్నాడు.

చిన్న పెంకుటిల్లు. ముందు గదిలో నాలుగు గోడల నిండా గడియారాలే. అన్నీ ఆడుతున్నాయి. ఒక్కోదాని చప్పుడూ విడివిడిగా వినపడుతోంది. అంత నిశ్శబ్దంగా ఉంది ఇల్లు.

తలుపు తీసింది ఒక పెద్దావిడ. గుండ్రటి ముఖం, చక్కగా దువ్విన తల. నవ్వుతూ నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. రండి, కూర్చోండి అంటోందని తెలుస్తోంది. కానీ మాట లేదు. గాలి కూడా లేదు.

"మా ఆవిడ," అన్నాడు జామాయన. "నాలుగు నెలలైంది ఇలా అయి. ఒక శుక్రవారం పొద్దున్న, వంటింట్లో నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ... ఆగిపోయింది. డాక్టర్లు గొంతులో ఏ లోపమూ లేదన్నారు." ఒక గడియారం దగ్గరికెళ్ళి ముల్లు సరిచేశాడు. "ఏమాటకామాట, ఇల్లు మాత్రం ప్రశాంతంగా ఉంది."

మేడమ్ "అయ్యో పాపం" అంది. వంటాయన నేల చూపులు చూశాడు. నిమిషాలమ్మ ఆవిడనే చూస్తోంది. ఆవిడ పెదాల అంచులు తెల్లగా ఉన్నాయి. చెవి తమ్మెల అంచులు కూడా. గోళ్ళ చుట్టూ ఉన్న చర్మం కూడా. కాగితంలా.

ఆవిడ లోపలికెళ్ళి పళ్ళెంలో మంచినీళ్ళ గ్లాసులు పెట్టుకుని తెచ్చింది. మేడమ్‌కి ఇచ్చింది. వంటాయనకి ఇచ్చింది. నవ్వుతూ నిమిషాలమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"వద్దండీ," అంది నిమిషాలమ్మ. ఆ ఇంట్లో ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి.

పళ్ళెం ధడేలుమని కింద పడింది.

ఆవిడ వెనక్కి, వెనక్కి, గోడ తగిలేదాకా నడిచింది. రెండు చేతులతో చెవులు మూసుకుంది. కళ్ళు పెద్దవి చేసి నిమిషాలమ్మనే చూస్తోంది. ముఖం చూసి భయపడలేదు ఆవిడ. గొంతు విని భయపడింది. ఆ గొంతుని ఇంతకుముందు విని ఉన్న మనిషిలా.

"పరవాలేదు, పరవాలేదు," అని జామాయన చీపురు తెచ్చి తనే గాజు పెంకులు ఊడ్చాడు. "పెరట్లోకి పదండి, మొక్కలు అక్కడ దింపుదాం."

నిమిషాలమ్మ ఎలా నడిచిందో నడిచింది. పెరట్లో జామచెట్టు లేదు, నరికేసిన మొద్దు ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండ. మేడమూ, జామాయనా వ్యాన్ దగ్గర కుండీల ట్రేలు దింపిస్తున్నారు. నిమిషాలమ్మ కుళాయి పక్కన గోడకి ఆనుకుని, రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని నిలబడింది. ఇక్కడ ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదు. ఎందుకో తెలీదు. మాట్లాడకూడదు, అంతే.

వంటాయన పెరటి చివరిదాకా వెళ్ళాడు. అక్కడ గోడ మూలన జానెడు మొక్క ఒకటి ఉంది. నాలుగాకులు.

"ఇదేం మొక్కండీ?" అని అటునుంచే కేకేశాడు.

"ఏమోనండీ," అన్నాడు జామాయన ట్రే దించుతూ. "ఎవరూ నాటలేదు, నీళ్ళు పోసింది లేదు. ఈ మధ్యే వచ్చింది."

వంటాయన నడుం వంచి మొక్కని చూశాడు. కాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత మెల్లగా నిటారుగా లేచి, పెరటి ఈ చివర గోడకి ఆనుకుని ఉన్న నిమిషాలమ్మ వైపు తిరిగాడు. ఆమె చేతులు ఇంకా నోటి మీదే ఉన్నాయి. ఆ చేతుల్ని చూశాడు. మళ్ళీ మొక్కని చూశాడు. ఆయన ముఖంలో రంగు పోయింది.

"తల్లీ..." అన్నాడు, ఆమె దగ్గరికొచ్చి, గొంతు బాగా తగ్గించి. "ఆ ఆకుల్లోంచి బాబాయ్ అని పిలిచిన గొంతు నీది కాదూ?"